మగ చిట్టెలుక ఉమ్మి, స్వామివారి ఉమ్మి

ఉమ్మికి నోబెల్ బహుమతి వచ్చిందంటే నమ్ముతారా? దాదాపు నిజమే. చిట్టెలుక దవడ కింద లాలాజల గ్రంథి ఆడదానిలో ఒకలా, మగదానిలో ఒకలా ఉంటుందని 1940లో ఫ్రెంచి శాస్త్రవేత్త లకసాన్ గమనించాడు. మగదానిలో రేణువులతో నిండిన నాళాలు బాగా పెద్దవి. వృషణాలు తీసేస్తే అవి కుంచించుకుపోతాయి. ఆడ ఎలుకకి టెస్టోస్టిరాన్ ఇస్తే దాని గ్రంథి కూడా మగదానిలా తయారవుతుంది. మగతనం మహిమ కాదండీ, హార్మోను చేసే పని!

స్టాన్లీ కోహెన్ ఆ మగ ఎలుకల గ్రంథుల సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఎక్కిస్తే, రెండు వారాలకి తెరుచుకోవాల్సిన కళ్ళు వారానికే తెరుచుకున్నాయి. చర్మకణాల్ని పెంచే ప్రోటీన్ అలా దొరికింది. 1962లో ప్రకటించాడు. పేరు ఇ.జి.ఎఫ్. 1986లో రీటా లెవీ మోంటల్చీనితో కలిపి నోబెల్ ఇచ్చారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం, నాకింకా నోరు తిరగడం లేదు) మన తెలుగువాళ్ళ మధ్య ఒక స్వామి పుళ్ళకి మంత్రించి ఉమ్మి రాస్తున్నాడు. బ్రహ్మచారి ఉమ్మిలో మగతేజస్సు ఉంటుందిట. చదువుకున్న శిష్యుడొకడు ఈ ఎలుక కథనే సాక్ష్యంగా చూపిస్తున్నాడు. అది విని మా వీధిలో సుగరున్న ఒక పెద్దాయన, బొటనవేలి పుండుకి డ్రెస్సింగ్ మానేశాడు. మూడు వారాలు! వేలు నల్లబడ్డాక కొడుకు బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. సగం వేలు తీసేశారు.

ఆ శిష్యుడికి నేనడిగింది ఒక్కటే. బాబూ, మనిషి గ్రంథిలో ఆ మగ ఎలుక నాళాలు ఎక్కడున్నాయి? లేవు. మన లాలాజలంలోనూ ఇ.జి.ఎఫ్. ఉంది గానీ ఎలుకతో పోలిస్తే బహు స్వల్పం. దానితోపాటు లక్షల బాక్టీరియా ఉచితం. బ్రహ్మచర్యం పాటిస్తే హార్మోను డబ్బాలో బెల్లంలా పోగుపడదు.

నిజంగా ఆ ప్రోటీనే కావాలంటే హైదరాబాదు భారత్ బయోటెక్ వారి రీజెన్-డి జెల్ ఉంది, సుగరు పుళ్ళకే. జన్యు ఇంజనీరింగ్‌తో తయారుచేసిన మానవ ఇ.జి.ఎఫ్. అది. అదీ డాక్టరు చెబితేనే, పుండు శుభ్రం చేస్తూ, సుగరు అదుపులో పెట్టుకుంటూ.

శిష్యుడు మాట మార్చాడు. "మరి స్వామివారు కుక్కకాటుకి మంత్రిస్తే ఒక్కరికీ పిచ్చి ఎక్కలేదు కదండీ?" ఎలా ఎక్కుతుంది నాయనా, అండమాన్ రేబిస్ లేని ప్రాంతంగా పేరుపడింది కదా! మీ స్వామిని విశాఖపట్నం తీసుకెళ్ళి ఆ మాట చెప్పమను. వద్దులే, అక్కడ ప్రాణాలు పోతాయి.