నీళ్ళ గొట్టంలో గీత

బాణామతి లేదనీ, వాస్తు మారిస్తే రోగాలు నయం కావనీ మనం ఊరూరా తిరిగి చెబుతూనే ఉన్నాం. చెప్పాలి కూడా. అయితే ఎదుటివాడి నమ్మకాన్ని అనుమానించడం తేలిక. సొంత లెక్కని అనుమానించడం పిల్లలకి ఎవరు నేర్పుతున్నారు? మన సభలు నేర్పడం లేదు. డిగ్రీ కాలేజీ రికార్డు పుస్తకాల సంగతి చెప్పక్కర్లేదు, వాటిలో ఫలితం ముందు రాసి ప్రయోగం తర్వాత చేస్తారు! నేను చూసినంతలో అది నేర్పే చోటు ఒకటుంది: వేసవి సెలవుల్లో పరిశోధనాశాలల్లో విద్యార్థులు చేసే రెండు నెలల పని.

నేను బీకాం వాణ్ణి, రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరయ్యాను. జన్యువుల పాఠం నాకు చెప్పింది మా మేనకోడలి కూతురు. బీఎస్సీ చదువుతూ 2023 వేసవిలో హైదరాబాదులోని ఒక పరిశోధనా సంస్థకి వెళ్ళింది. ఆమెకిచ్చిన పని వరిలో ఎండాకు తెగులు మీద.

మనం తినే సాంబ మసూరి బాపట్లలో పుట్టింది, 1986లో విడుదలైంది. రైతులు బీపీటీ అనేది అందుకే. అన్నానికి దానికి సాటి లేదు గానీ ఎండాకు తెగులుకి తట్టుకోలేదు. అది బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. ఆకు కొసన మొదలై అంచుల వెంట ఎండుకుంటూ కిందికి దిగుతుంది. సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన డైరెక్టరేటు శాస్త్రవేత్తలు కలిసి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువుల్ని ఇందులోకి తెచ్చారు. అలా వచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. వీటిలో ఎక్స్‌ఏ21 అసలు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. ఇది జన్యుమార్పిడి పంట అనుకునే మిత్రులున్నారు, కాదు. పుప్పొడితో చేసే మామూలు సంకరమే. ప్రతి తరంలోనూ ఏ మొక్కకి ఆ జన్యువులు దిగాయో డీఎన్‌ఏ పరీక్ష చేసి ఏరుకున్నారు, అంతే తేడా.

మా పిల్ల పని కూడా ఆ బాపతే. కొన్ని కొత్త సంకరాల్లో ఎక్స్‌ఏ21 ఏ మొక్కలకి వచ్చిందో తేల్చాలి. ఆకు ముక్క నూరి డీఎన్‌ఏ తియ్యడం, పీసీఆర్ యంత్రంలో పెట్టి కావలసిన ముక్కని పెంచడం, జెల్ మీద నడిపించి చూడడం. నిరోధక రకం ఉంటే పైన గీత, లేకపోతే కింద గీత. రెండూ కనిపిస్తే తల్లి ఒకటి, తండ్రి ఒకటి ఇచ్చారన్నమాట. ఇన్ని గొట్టాల మధ్య ఒకదాంట్లో మాత్రం డీఎన్‌ఏ వెయ్యరు. దాని బదులు ఉత్త నీళ్ళు పోస్తారు. అక్కడ గీత రాకూడదు.

మొక్కల దగ్గరా ఇదే పద్ధతి. బాక్టీరియా కలిపిన నీళ్ళలో కత్తెర ముంచి ఆకు కొసలు కత్తిరిస్తారు. రెండు వారాలాగి, ఎంత మేర ఎండిందో స్కేలు పెట్టి కొలుస్తారు. కొన్ని మొక్కలకి మాత్రం ఉత్త నీళ్ళలో ముంచిన కత్తెర.

"అంటే నిల్ రిపోర్టు అన్నమాట" అన్నాను ఫోనులో. మా ఆఫీసులో చెప్పడానికి ఏమీ లేకపోయినా "నిల్" అని రాసి పంపాల్సిందే. పంపలేదంటే ఎవరూ చూడలేదని అర్థం.

నాలుగో వారంలో ఆ నీళ్ళ గొట్టంలో గీత వచ్చింది.

అంటే ఎక్కడో పరాయి డీఎన్‌ఏ కలిసింది. గైడు పది రోజుల జెల్‌లన్నీ రద్దు చేయించారు. పిల్ల ఏడ్చింది. వాళ్ళ నాన్న, మంచివాడే, నాకు ఫోన్ చేసి "ఆ ఒక్క గొట్టం వదిలేసి మిగతావి చూపిస్తే ఎవరికి తెలుస్తుంది మావయ్యా?" అన్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ మాట ఎన్ని టేబుళ్ళ దగ్గర విన్నానో! రసాయనాలు ఒక్కొక్కటే మారుస్తూ పోతే చివరికి నీళ్ళ సీసాయే దొంగని తేలింది. అప్పటికి మిగిలింది మూడు వారాలు. చూడాల్సిన మొక్కలు 96, తేలినవి 41. రిపోర్టులో అంతే రాసింది, రద్దయిన పది రోజుల సంగతి కూడా.

ఆ ఖరీఫ్‌లో వాళ్ళ ఊళ్ళో ఒకాయన తెగుళ్ళన్నిటికీ ఒకే మందంటూ మంత్రించిన కషాయం అమ్మాడు. ఇంట్లో కొననే కొన్నారు. పిల్ల పోట్లాడలేదు. నాలుగు సాళ్ళకి కషాయం బదులు ఉత్త నీళ్ళు కొట్టించమని నాన్నని ఒప్పించింది. కోతల దాకా చూస్తే అటూ తెగులు లేదు, ఇటూ లేదు. మన సంఘం మిత్రుడొకరు దీన్ని "కషాయం బండారం బయటపడింది" అని కరపత్రం వేద్దామని ఉత్సాహపడ్డారు. పిల్ల ఒప్పుకోలేదు. "ఈ ఏడు తెగులే రాలేదు తాతయ్యా, ఏమీ తేలలేదు" అంది. మా మిత్రుడికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ రోజు చాలా సంతోషమేసింది.

ఇలాంటి అవకాశాలు మన చిన్న ఊళ్ళ పిల్లలకి చేరడం లేదు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ ఫెలోషిప్‌లో విద్యార్థులకే కాదు, అధ్యాపకులకీ చోటుంది. నెలనెలా భృతి ఇస్తారు. ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో చిన్న వ్యాసం రాయాలి, ఒక మేష్టారు సిఫార్సు ఉత్తరం ఇవ్వాలి. వేసవిలో పనికి చలికాలం రాకముందే ప్రకటన కోసం కనిపెట్టుకుని ఉండాలి. పరీక్షలయ్యాక వెతికితే దొరికేవి వేరు: డబ్బు కట్టించుకుని, ల్యాబ్ గుమ్మం తొక్కకుండానే "జీనోమిక్స్ ఇంటర్న్‌షిప్" సర్టిఫికెట్ చేతిలో పెట్టే దుకాణాలు. తాయెత్తు అమ్మేవాడికీ వీళ్ళకీ తేడా నాకైతే కనిపించదు. కొన్ని చోట్ల నిజమైన ల్యాబులు కూడా ఖర్చులకి ఫీజు తీసుకుంటాయి. అది వేరు, అక్కడ చేతులు తడుస్తాయి, రసీదూ ఇస్తారు.

ఈసారి మన ఆఫీసు గదిలో ఆదివారాలు కూర్చుని దరఖాస్తులు రాయిస్తున్నాను. ఇద్దరు వచ్చారు. ఒకబ్బాయి వ్యాసంలో "దేశానికి సేవ చేస్తాను" అని మూడు చోట్ల రాశాడు. అవి కొట్టేసి, వాళ్ళ మిరప చేలో ఆకు ముడత గురించి తను చూసింది రాయమన్నాను. రెండో అమ్మాయి వ్యాసం బాగుంది గానీ వాళ్ళ లెక్చరరు సిఫార్సు ఉత్తరానికి ఇంగ్లీషు రాదని మొహమాటపడుతున్నారట. సోమవారం వెళ్ళి ఆయన్ని కలుస్తాను.