వెలిగిందయ్యా

మా ఇంట్లో మా నాయన ఫొటో ఒకటుంది. అందులో మా నాయన కనపడడు.

పెళ్లిపందిరి. ముందు పెళ్లికొడుకు, పెళ్లికూతురు తలంబ్రాలు పోసుకుంటా తెల్లగా మెరిసిపోతుంటారు. వాళ్ల వెనక అంతా చీకటి. ఆ చీకట్లో, పందిరి గుంజ అవతల, ఒక డప్పు అంచు, దాని మీద రెండు వేళ్లు. ఆ వేళ్లు మా నాయనవి. చెడిపోయిందని స్టూడియోవాళ్లు పారేసిన ప్రింటు అది. ఓటరు కార్డు మీద ఇంకో బొమ్మ ఉందిగానీ, అది చూపిస్తే ఎవరిదో చెప్పటానికి మాయమ్మే తడుముకుంటది.

2007లో నేను డిగ్రీ మొదటి సంవత్సరం. పెళ్లిళ్ల రోజుల్లో మండలంలో ఒక స్టూడియో కింద లైటు పట్టే పనికి పోయేవాణ్ణి. రోజుకి వంద రూపాయలు, అన్నం. ఆ అన్నం అందరూ తిన్నాక. వెదురుకర్ర చివర ఫ్లాష్ కట్టి ఇచ్చేవాళ్లు. దానికి చిన్న కన్నుంటది. కెమెరా మీది ఫ్లాష్ వెలుగు ఆ కంట్లో పడగానే ఇదీ వెలుగుద్ది. వైరు అక్కర్లేదు. దాన్ని స్లేవు అనేవాళ్లు. “ఒరేయ్, స్లేవు ఎత్తరా” అని కేకేస్తే, పిలిచింది లైటునా నన్నా అని మొదట్లో తికమకపడేవాణ్ణి. స్లేవంటే బానిస. కెమెరా మీద కూర్చున్నది మాస్టరు. పెట్టెల మీద కూడా ఇంగ్లీషులో అట్టాగే రాసేవాళ్లు. ఇప్పుడు కొన్ని కంపెనీలు ఆ మాటలు తీసేసి సెండర్, రిసీవర్ అంటున్నాయి.

ఆ ఏడే మా ఓనరు రీలు కెమెరా పక్కనబెట్టి డిజిటల్ కొన్నాడు. దానికి సరిపోయే కొత్త ఫ్లాష్ కూడా. కర్ర మీది లైటు మాత్రం పాతదే. మొదటి పెళ్లి ఒక పెద్ద రైతు ఇంట్లో. డప్పులు మా వాడవే, మా నాయనతో కలిపి నలుగురు. వాళ్లు గుంజ అవతలే వాయించాలి. నన్ను మాత్రం లోపలికి రానిచ్చారు. చేతిలో లైటుంది గదా! వెనకున్న చుట్టాలు పడాలని నేను లైటు అటు తిప్పి పట్టుకున్నా. ఆ వరసలోనే నాయన కూడా పడతాడని లోపల ఒక ఆశ.

రాత్రి కెమెరా వెనక బుల్లి తెరమీద చూస్తే ఏ ఫొటోలోనూ వెనక వెలుగు లేదు. ఓనరు నా మొహాన చూశాడు.

“వెలిగిందయ్యా. నా కళ్లతో చూశా” అన్నా.

చెంప పగిలింది. “వెలిగితే ఫొటోలో ఏదిరా? మీవోళ్లకి డప్పు తప్ప ఏం చేతనవుద్ది?” మూడు రోజుల కూలి కోశాడు. మా నాయన వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టుకుని, వంగి, “తప్పైపోయింది బాబూ, కుర్రోడు” అన్నాడు. ఆ దెబ్బ మర్చిపోయాను గానీ ఆ వంగటం మర్చిపోలేదు. ఇంటికి నడిచొస్తుంటే చెరువు కట్ట మీద ఒక్కసారే అడిగాడు, “నిజంగా వెలిగిందంటావా?” అని. వెలిగింది నాయనా అన్నా. ఇంకేం మాట్లాడలేదు. నమ్మాడో లేదో.

నాయన 2014లో పోయాడు. నాకు మేష్టరుద్యోగం వచ్చింది. 2019లో ఒక పాత డిజిటల్ కెమెరా, ఫ్లాష్ కొనుక్కున్నా. దాంతోపాటిచ్చిన పుస్తకం రాత్రిపూట డిక్షనరీ పక్కనబెట్టుకుని చదువుతుంటే ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

డిజిటల్ కెమెరాకి సొంత ఫ్లాష్ ఆటోమేటిగ్గా వెలుగు కొలుచుకునే పద్ధతిలో ఉంటే, అది రెండుసార్లు వెలుగుద్దంట. అసలు వెలుగుకి ముందు, షట్టర్ తెరుచుకోకముందే, ఒక చిన్న మెరుపు. ఎంత వెలుగు కావాలో చూసుకోటానికి. రెంటికీ మధ్య ఎంత తక్కువ వ్యవధంటే మనిషి కంటికి ఒక్కటిగానే కనపడుద్ది. పాత లైటు కన్నుకి అదేం తెలుసు? మొదటి మెరుపుకే వెలిగిపోద్ది. షట్టర్ తెరుచుకునేసరికి దాని కడుపు ఖాళీ. మళ్లీ నిండటానికి దానికి టైము కావాలి.

నేను చూసింది నిజం. ఫొటోలో లేకపోవటమూ నిజం. కెమెరా మీది ఫ్లాష్‌ని మాన్యువల్‌లో పెడితే ఆ ముందు మెరుపు రాదు, మొత్తం సరిపోయేది. ముందు మెరుపుని లెక్కచెయ్యకుండా ఆగే లైట్లూ ఉన్నాయి. తెలుసుకోవాల్సినవాడు ఓనరు. వంగినవాడు మా నాయన. ఆ పేజీ మూసి చాలాసేపు బయట అరుగు మీద కూర్చున్నా.

ఇప్పుడు రేడియో ట్రిగ్గర్లు వాడుతున్నా. కెమెరా మీద ఒకటి, ఫ్లాష్‌కి ఒకటి. రెండూ ఒకే చానల్లో ఉంటే చాలు. కంటికి కన్ను కనపడాల్సిన పనిలేదు. గోడ చాటునున్నా, మిట్టమధ్యాన్నం ఎండలోనూ పనిచేస్తాయి. అవి కొన్నది సరదాకి కాదు. మా వాడలో ముసలాళ్లందరికీ ఒక్కొక్క మంచి ఫొటో తీసి ఇవ్వాలని.

ఇందులో ఇంకో సంగతుంది. కెమెరా మీటరు లోకం మొత్తం మధ్యరకం బూడిదరంగులో ఉంటదనుకుని లెక్కేస్తది. తెల్ల చొక్కాలు, తెల్ల గోడ ఎక్కువుంటే కంగారుపడి వెలుగు తగ్గించుద్ది. అప్పుడు మునిగేది మన మొహాలే. స్కూలు గ్రూపు ఫొటోల్లో మా పిల్లలకి పళ్లు మాత్రమే కనపడటం నేనెన్నిసార్లు చూశానో! ఎదురుగా ఫ్లాష్ కొడితే నుదురు జిగేలుమంటది, మిగతాదంతా చదునైపోద్ది. అదే లైటు కెమెరా మీంచి దింపి, గొడుగులోంచి పక్కగా, కాస్త పైనుంచి ఇస్తే నల్లటి చర్మం మీద వెలుగు జారుకుంటా పోద్ది. దవడ, కణత, ముడతలు అన్నీ లేచొస్తాయి. లైటు దగ్గరగా ఉండాలి. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతే మిగులుద్ది. గుంజ అవతలోళ్లకి అది కూడా దక్కలేదు.

1838లో బానిసత్వం నుంచి పారిపోయిన ఫ్రెడరిక్ డగ్లస్, పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో అందరికంటే ఎక్కువ ఫొటోలు దిగిన మనిషి. 160కి పైగా. ఊరికే దిగలేదాయన. నల్లోళ్లని కోతుల్లాగా గీసే బొమ్మలకి జవాబుగా దిగాడు. బాబాసాహెబు సూటు వేసుకుని దిగిన ఫొటో మా గోడ మీద ఎందుకుందో నాకు అప్పుడు ఇంకొంచెం తెలిసింది.

మొన్నామధ్య ఒక సాయంత్రం పెద్దమ్మని వేపచెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టా. స్టాండు లేదు. నా క్లాసు కుర్రాడు కర్రకి ఫ్లాష్ కట్టుకుని నిలబడ్డాడు. “ఒరేయ్, కదలకుండా పట్టు” అని అరిచా. అరిచినాక ఆ గొంతు ఎవరిదో గుర్తుకొచ్చింది. నొక్కా. చూస్తే సగానికి పైగా ఫొటో నల్లగా ఉంది, పెద్దమ్మ మొహం అందులో పోయింది. నేను వాడికేసి తిరిగా.

“వెలిగింది సార్” అన్నాడు వాడు, భయంగా.

కెమెరా చూసుకున్నా. మధ్యాన్నం ఎండలో ఏదో తీసి షట్టర్‌ని సెకనులో 500వ వంతు దగ్గరే వదిలేశా. నా కెమెరాలో ఫ్లాష్‌కి 200వ వంతు దాటకూడదు. దాటితే షట్టర్ తెరలు ఒక్కసారే పూర్తిగా తెరుచుకోవు, ఫ్లాష్ వెలుగు సందు మేరకే పడుద్ది.

“వెలిగిందిరా. తప్పు నాదే” అన్నా.

వాడు కర్ర ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. చక్రం 200కి తిప్పా.

“ఆగబ్బాయా, కొంగు సర్దుకోనీ” అంది పెద్దమ్మ.