చెరువు అడుగున మన చేలు

ఎండాకాలంలో నీళ్లింకి నెర్రెలుబారిన చెరువులో దిగి నడవడం నాకు ఇష్టం. కాళ్ల కింద నల్లటి మట్టి పెళ్లలు అంచులు పైకి లేచి ఉంటాయి. ఒకటి తీసి నలిపితే మెత్తని పొడి, ఇసుక గరుకే తగలదు. ఆ మట్టి చెరువుది కాదు, ఎగువ చేలది. దున్నిన చెలకల మీద పడ్డ తొలకరి వాన కోసుకొచ్చిన పైమట్టి, పశువుల పేడ, రాలిన ఆకు అన్నీ వాగు వెంట వచ్చి ఇక్కడ చేరాయి. బరువైన ఇసుక వాగు కలిసేచోటే ఆగిపోతుంది, తేలికైన బంకమట్టి కట్ట దాకా వస్తుంది. చేను పోగొట్టుకున్నదాంట్లో మేలైన భాగమే చెరువు అడుగుకు చేరుతుందన్నమాట.

మన పెద్దలకు ఇది బాగా తెలుసు. చెరువు అడుగంటగానే బండ్లు కట్టేవారు. చెరువుమట్టి తోలడం వేసవి పనుల్లో ఒకటి. తెలంగాణ చెలకల్లో, రాయలసీమ ఎర్రనేలల్లో వాననీరు ఎంతోసేపు నిలవదు. ఈ జిగటమట్టి కలిస్తే చేను పదును పట్టుకుంటుంది, వాన కొన్నాళ్లు ముఖం చాటేసినా పైరు తట్టుకుంటుంది. చెరువుకు సేవ చేస్తున్నామని వాళ్లు అనుకుని ఉండరు. తమ చేనుకు సత్తువ తోలుకున్నారు, ఆ పనిలోనే చెరువుకు లోతు మిగిలింది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించి వేయించినది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాశారు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు చెప్పి, ఆరు దోషాలూ చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం, నేల చౌడు కావడం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మెరక ఉండటం, నీళ్లు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. ఎంత అనుభవం ఉంటే ఆ చివరి రెండూ విడివిడిగా తోస్తాయి!

ఆ ఆరింటిలో పూడిక లేదు. చెరువులోకి మట్టి వస్తుందని వాళ్లకు తెలియక కాదు. నాకు తోచేది ఒకటే: వచ్చిన మట్టి వచ్చినట్టే మళ్లీ చేలకు పోతుంటే, దాన్ని దోషంగా లెక్కపెట్టే అవసరం వాళ్లకు పడి ఉండదు.

అది దోషంగా మారింది మన కాలంలోనే. యూరియా బస్తాలు ఇంటి ముందు దిగాక బండి కట్టే పని తప్పింది. బోరు వేసుకున్న రైతుకు తూముతో పని తీరింది. ఆ బోరులోకి వచ్చే నీళ్లలో ఇంకిన చెరువు నీరూ ఉంటుందన్న సంగతి, చెరువు ఎండి బోరూ ఒట్టిపోయినప్పుడు గాని గుర్తు రాలేదు.

2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా ఉన్న చెరువులను విడతలవారీగా బాగుచేయాలని తలపెట్టారు. ఆ పథకంలో నాకు అన్నిటికంటే నచ్చింది కట్టల మరమ్మతు కాదు, తీసిన పూడికను రైతుల చేలకు చేర్చాలన్న ఆలోచన. తెగిపోయిన పాత లంకెను మళ్లీ ముడివేసే పని అది. అయితే యంత్రంతో తవ్వేటప్పుడు ఒక మెలకువ కావాలి. పూడిక ఎక్కడితో అయిపోతుందో చూసి ఆగాలి. అడుగున నీటిని పట్టి ఉంచే గట్టి పొరను చీలిస్తే చెరువులో నీళ్లు నిలవవు. ఆ పొర ఎంత లోతున ఉందో చెరువు నీళ్లు చేలకు వదిలే ఊరి నీరటికి తెలిసే అవకాశం ఎక్కువ. తవ్వే ముందు అతన్ని అడగాలి.

ఇంకొకటి. తవ్వకం సర్కారుది, తోలకం రైతుది అన్నారు. ట్రాక్టరు ఉన్నవాడు, చెరువుకు దగ్గర పొలమున్నవాడు ఎంతైనా తోలుకున్నాడు. దూరాన మెరక చెలక ఉన్న పేదరైతు కిరాయి పెట్టుకోలేడు. పైమట్టి ఎక్కువగా కొట్టుకుపోయేది ఆ మెరక చేల నుంచే. మళ్లీ ఏ ఊళ్లో పూడిక తీసినా ముందు ట్రిప్పులు ఆ చేలకే పోవాలి, ఆ కిరాయీ పనిలో భాగంగానే లెక్కకట్టాలి.