అరువు బలమా, నగదు బలమా?

మా వీధి మలుపులోని కిరాణా దుకాణంలో గల్లాపెట్టె వెనుక ఒక పాత అట్ట వేలాడుతూ ఉంటుంది. పై వరుస తెలుగులో: "నేడు నగదు, రేపు అరువు." క్రింది వరుస ఉర్దూలో అదే మాట: "ఆజ్ నఖద్, కల్ ఉధార్." చిన్ననాటి నుండి చూస్తున్న ఆ అట్ట ఒకనాడు ఇంజనును గురించిన పాఠమవుతుందని మేము అనుకోలేదు. షార్జాలో ఉన్న మా పెదనాన్నగారి కుమారుడు అడిగిన ఒక ప్రశ్న దానిని పాఠంగా మార్చింది.

భాయీజాన్ అక్కడ ఒక మరమ్మతుల షెడ్డులో చాలా ఏండ్లుగా మెకానిక్కు. పరుల బండ్లు బాగుచేసి కూడబెట్టిన సొమ్ముతో తనకంటూ ఒక పాత కారు కొనుక్కున్నాడు. అది 1989లో జపానులో వెలువడిన మాజ్దా ఎం.ఎక్స్.-5 తొలి తరం బండి. రెండే సీట్లు, 1,597 ఘన సెంటీమీటర్ల ఇంజను, టన్నుకు కొంచెం తక్కువ బరువు. సెలవునాడు దానిని తీసుకొని రాస్ అల్ ఖైమాలోని జబల్ జైస్ కొండదారికి వెళ్ళడం అతని ఏకైక విలాసం.

"కొండ ఎక్కేటప్పుడు దమ్ము చాలడం లేదురా. టర్బో పెట్టించనా, సూపర్‌ఛార్జర్ పెట్టించనా? రెండింటికీ సరిపడే డబ్బు లేదు. నువ్వు ఫిజిక్సు చెప్పేవాడివి, తేల్చు" అన్నాడు ఫోనులో.

స్పోర్ట్సు కారులో ఒక్కనాడైనా కూర్చోని మేము తీర్పరులమైనాము. అయినను, అడిగినది పెద్దవాడు. ఖర్చు కానున్నది ఒక శ్రమజీవి కష్టార్జితం. తేలికగా తీసుకొనే విషయం కాదు.

మూలసూత్రం ఒక్కటే. ఇంజను బలం అది పీల్చుకొనే గాలిపై ఆధారపడి ఉన్నది. గాలి ఎక్కువైతే అందుకు తగినంత ఇంధనం మండించవచ్చును. సాధారణమైన ఇంజను వాతావరణ పీడనంతో వచ్చిన గాలితోనే సంతృప్తి పడుతుంది. ఒక పంపు పెట్టి మరి అర వాతావరణమంత పీడనం కలిపితే, అదే సిలిండరులో దాదాపు ఒకటిన్నర రెట్లు గాలి పడుతుంది. ఆ పంపును త్రిప్పేది ఎవరన్నదే ఇక్కడి వివాదమంతా.

సూపర్‌ఛార్జరును ఇంజనే బెల్టు ద్వారా త్రిప్పుతుంది. అమెరికాలో రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన గాలిపంపు దీనికి పూర్వీకురాలు. యాక్సిలరేటరు నొక్కిన క్షణమే బలం అందుతుంది. కాని పంపును త్రిప్పడానికయ్యే శ్రమను ఇంజను తన సంపాదనలో నుండి అప్పటికప్పుడే చెల్లించాలి. ఇది నగదు బేరం.

టర్బోఛార్జరు త్రోవ వేరు. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లో దీనికి పేటెంటు పొందాడు. ఇంజను విసర్జించిన వేడి పొగయే ఒక చక్రాన్ని త్రిప్పుతుంది. ఆ ఇరుసుకే ఉన్న మరొక చక్రం గాలిని లోనికి నెడుతుంది. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే ఆ యంత్రం, వృథాగా పోయే శక్తిలో కొంత భాగాన్ని తిరిగి రాబడుతుంది. కాని పొగ బలంగా రానిదే చక్రం పుంజుకోదు. పాదం నొక్కడానికీ బలం రావడానికీ నడుమ ఒక విరామం. ఇది "రేపు రా" అనే బేరం. వచ్చినప్పుడు మాత్రం దండిగా వస్తుంది.

పుస్తకజ్ఞానం చాలదని తలచి, ఈ రెండు బేరాలూ ముఖాముఖి తలపడిన పందేల చరిత్రను తిరగవేశాము. 1983 ప్రపంచ ర్యాలీ పోటీలలో జర్మనీ ఆడి క్వాట్రోకు టర్బో ఉన్నది, నాలుగు చక్రాలకూ చోదకశక్తి ఉన్నది. ఇటలీ లాన్సియా 037కు వెనుక చక్రాలే ఆధారం; దాని ఇంజనుకు అమర్చినది సూపర్‌ఛార్జరు. వంకర దారులలో మలుపు మలుపునకూ పాదం ఎత్తి మరల నొక్కవలసిన చోట, పిలిచిన వెంటనే పలికే బలం విలువైనది. ఆ యేడు మోంటెకార్లో ర్యాలీలో వాల్టర్ రోర్ల్ లాన్సియాను గెలిపించాడు. సంవత్సరాంతాన తయారీదారుల కిరీటం 118 పాయింట్లతో లాన్సియాకు దక్కింది, ఆడికి 116. కాని డ్రైవర్ల కిరీటం ఆడి నడిపిన హన్ను మిక్కొలాకే పోయింది. చరిత్ర కూడ ఏకపక్షంగా తీర్పు చెప్పలేదన్నమాట.

రెండింటినీ కలిపితే? లాన్సియావారే ఆ పని చేశారు. 1985లో వచ్చిన డెల్టా ఎస్-4లో 1,759 ఘన సెంటీమీటర్ల ఇంజనుకు రెండు పంపులూ అమర్చారు: తక్కువ వేగంలో సూపర్‌ఛార్జరు, పై వేగంలో టర్బో. బరిలోకి దిగిన తొలి ర్యాలీనే అది గెలిచింది. కాని 1986 మే 2న కోర్సికా ద్వీపంలో ఆ కారు రోడ్డు తప్పి లోయలోపడి మండిపోయింది. హెన్రీ తొయ్వొనెన్, అతని సహచరుడు సెర్జియో క్రెస్టో మరణించారు. మరుసటి యేటి నుండి ఆ తరగతి కార్లే ర్యాలీలలో నిషిద్ధమైనవి. ఆ ప్రమాద కారణం పంపులేనని మేము అనము. బలం పెంచడం సులభమనీ, దానిని భరించే దారినీ మనిషినీ పెంచడం కష్టమనీ మాత్రం తోచింది.

ఇక భాయీజాన్ కొండను తలచుకున్నాము. మలుపుల దారి, తేలిక కారు, చిన్న ఇంజను. పైగా ఎండాకాలంలో అక్కడి గాలి 45 డిగ్రీలు దాటుతుంది. గాలిని కుదిస్తే అది ఇంకా వేడెక్కుతుంది. వేడిగాలి పలుచబడి బలం తగ్గుతుంది, ఇంధనం అకాలంలో అంటుకొని ఇంజను నాకింగుకు లోనవుతుంది. ఏ పంపైనను గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరు లేక తప్పదు. ఇరుకైన బానెట్ క్రింద ఎర్రగా కాలే టర్బో మరొక కుంపటి. సుదీర్ఘమైన తిన్నని రహదారిపై పరుగే లక్ష్యమైతే టర్బోనే మేలనే వారము. కొండదారికి మాత్రం నగదు బేరమే మేలని, చిన్న సూపర్‌ఛార్జరు, తక్కువ పీడనం అని నిర్ణయించి, కిరాణా దుకాణం ఉపమానంతో సహా రెండు పుటల ఉత్తరం వ్రాసి పంపాము. మా వాదనకు మేమే ముచ్చటపడ్డాము.

వారం తరువాత ఫోను వచ్చింది. మా ఉత్తరం చదివిన రాత్రి అతడు స్పార్కు ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో పీడనం కొలిచాడట. మూడింటిలో 170 పౌండ్ల దరిదాపుల్లో ఉన్నది. నాల్గవదానిలో 120 మాత్రమే. అందులో చెంచాడు నూనె పోసి మళ్ళీ కొలిస్తే ముల్లు పైకి లేచింది. పిస్టను రింగులు అరిగినవని దాని అర్థం. కొండమీద దమ్ము చాలకపోవడానికి కారణం కూడ అక్కడే కొంత బయటపడింది. అట్టి ఇంజనులోనికి పంపుతో గాలి కొట్టి ఉంటే, ఆ నాల్గవ పిస్టనే మొదట బలియయ్యేది.

"నువ్వు వ్రాసిందంతా నిజమేరా. నగదు, అరువు అని బాగా చెప్పావు. కాని గల్లాపెట్టెకే చిల్లు ఉంది" అని నవ్వాడు.

మాకు నవ్వు రాలేదు. పందేల చరిత్ర చదివాము, పీడనం లెక్కించాము, ఎడారి ఎండను కూడ లెక్కలోకి తీసుకున్నాము. ఆ ఇంజను ఎన్నాళ్ళ పాతది, ఎలా ఉన్నది అని ఒక్కమాట అడగలేదు. పదవ తరగతి దాటని మెకానిక్కు మాత్రం తీర్పు వినగానే మొదట కొలత చేత పట్టాడు. తరగతి గదిలో కొలతల ప్రాధాన్యాన్ని ప్రతి యేటా బోధించేవారము మేమే కావడం ఇందులోని వింత.

పంపు కొరకు దాచిన సొమ్ము రింగులకూ, బేరింగులకూ, క్రొత్త బ్రేకులకూ సరిపోయింది. ఈ మధ్య జబల్ జైస్ ఎక్కి వచ్చి, కారు ఇప్పుడు దాని వయసు మరచిందని చెప్పాడు. సూపర్‌ఛార్జరు మాట ఎత్తితే, "మళ్ళీ డబ్బు కూడనీ, అప్పుడు చూద్దాం. రేపు" అన్నాడు.