రాయవేలూరు: చేతులను చక్కదిద్దిన ఊరు

కాట్పాడి జంక్షన్‌లో రైలు దిగగానే, చిత్తూరు, తిరుపతి వైపుల నుంచి ఎక్స్‌రే కవర్లు చేతబట్టుకుని వచ్చిన కుటుంబాలు కనిపిస్తాయి. మనవారు రాయవేలూరని పిలిచే ఈ పట్టణానికి విజయనగర కాలపు కోట ఉంది. 1806 జూలై 10 నాటి సిపాయిల తిరుగుబాటు చరిత్ర ఉంది. అయినా మనలో చాలామందిని ఇక్కడికి రప్పించేది 1900లో ఐడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో ప్రారంభించిన వైద్యశాల.

1946లో ఇక్కడికి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠువ్యాధి వల్ల కొంకర్లు పోయిన వేళ్లను శస్త్రచికిత్సతో సరిచేశారు. చచ్చుబడిన కండరాలు చేయవలసిన పనిని, బాగున్న కండరపు స్నాయువును దారి మళ్లించి దానికి అప్పగించడం ఆ పద్ధతి. సమీపంలోని కరిగిరిలో 1955లో కుష్ఠువ్యాధి పరిశోధనకు ప్రత్యేక వైద్యాలయం వెలసింది.

శస్త్రవైద్యుని పని కొన్ని గంటలది. ఆ తరువాతి వ్యాయామ చికిత్స వారాల తరబడి సాగేది. గాయం మానేటప్పుడు శరీరం కొల్లాజెన్ పోగులను క్రమం లేకుండా అల్లుతుంది. ఆ మచ్చ గట్టిపడి స్నాయువుకు అంటుకుంటే, ఎంత చక్కని శస్త్రచికిత్స జరిగినా వేలు వంగదు. అందుకే వ్యాయామంతోపాటు మచ్చకు మర్దన కూడా అవసరమవుతుంది.

విధానం తేలికే. కుట్లు విప్పి, గాయం పూర్తిగా మూసుకుని, పక్కు రాలిన తరువాత, వైద్యుని అనుమతితోనే ప్రారంభించాలి. కాస్త నూనెగాని లేపనంగాని రాసి, మచ్చ రంగు తేలిపోయేంతగా వేలికొనతో నొక్కి, గుండ్రంగానూ నిలువుగానూ అడ్డంగానూ కదపాలి. పూటకు 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు చాలు. చర్మం చిట్లినా, చీము పట్టినా, ఎరుపు, నొప్పి పెరిగినా వెంటనే ఆపి వైద్యునికి చూపాలి. స్పర్శ లేనిచోట నొప్పి హెచ్చరించదు గనుక కంటితో చూసుకుంటూ చేయాలి.

మర్దన మచ్చను మాయం చేయదు. బిగువును, దురదను తగ్గించి, చర్మానికి కొంత సడలింపునిస్తుంది. మచ్చ ఏడాదికి పైగా మారుతూనే ఉంటుంది గనుక ఓపిక అవసరం.

యంత్రాల నడుమ, కొలిమి వేడి దగ్గర పనిచేసే మన కార్మిక సోదరులకు ఈ ఊరు చెప్పే మాట ఒకటుంది. కుట్లు విప్పిన రోజుతో వైద్యం ముగియదు. స్పానర్ పట్టే పిడికిలి, అన్నం కలిపే వేళ్లు తిరిగి దక్కేది ఆ తరువాతి నెలల్లోనే.