మా కంప్యూటరు రొద

మా గదిలోని డెస్క్‌టాప్ కంప్యూటరు మొన్నటి వేసవిని మిగుల రొద చేయుచుండెను. ప్రక్కగదిలో జబ్బుపడియున్న నాయనమ్మకు నిద్రలేదు. మేమన్నదమ్ములము తొందరపడి బయాసులో ఫ్యాను వేగమును తగ్గించితిమి. రొద యణగెను గాని, ప్రాసెసరు వేడిమి 95 డిగ్రీల కెక్కి, యంత్రము తనంతట తానే మందగించెను. ఫ్యాను చేసిన నేరమేమి? వేడిని వెలికి త్రోయుటకే యది యట్లు పరుగెత్తుచుండెను!

కరెంటు తీసి పెట్టె విప్పిచూడగా, వేడిని లాగు అల్యూమినియపు రేకుల నడుమ దుమ్ము దూదివలె పేరుకొనియుండెను. ప్రాసెసరుమీది పేస్టు ఎండి బీటలువారియుండెను. ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టి కుంచెతో దులిపితిమి. పాత పేస్టును స్పిరిటుతో తుడిచి, బఠాణీగింజంత క్రొత్తది పెట్టితిమి. పిమ్మట వేడిమి 70 దాటలేదు. 60 డిగ్రీల వఱకు ఫ్యాను మెల్లగానే తిరుగునట్లు మరల నమర్చితిమి.

ఆ రాత్రి నాయనమ్మ, “ఏమిరా, నేడు మర త్రిప్పలేదా?” అని యడిగెను.