గ్లోబలైజేషన్: పది మార్కుల ప్రశ్న



ఈ పేజీలో ప్రతి నెలా చదువు గురించో, సెల్‌ఫోన్ వాడకం గురించో టీచర్లం మీకు ఏదో ఒకటి చెబుతుంటాం. ఈసారి నేను దిద్దిన ఒక పేపరు గురించి రాస్తాను. దాన్ని నేను తప్పుగా దిద్దాను.

నేను తొమ్మిదో తరగతికి ఇంగ్లీష్ చెబుతాను. జూలైలో ఎస్సే రైటింగ్ మీద స్లిప్ టెస్ట్ పెట్టాను. అంశం గ్లోబలైజేషన్ వల్ల లాభాలు, నష్టాలు. ముందు రోజే బోర్డు మధ్యలో నిలువు గీత గీసి ఎడమవైపు ఆరు పాయింట్లు, కుడివైపు ఆరు పాయింట్లు రాయించాను. 1991లో పీవీ నరసింహారావు ప్రభుత్వం తెచ్చిన సంస్కరణలు, 1995లో మొదలైన ప్రపంచ వాణిజ్య సంస్థ, విదేశీ కంపెనీలు, చేతివృత్తులు దెబ్బతినడం, అన్నీ అందులో ఉన్నాయి. మర్నాడు పేపర్లన్నీ దాదాపు ఒకేలా వచ్చాయి. ప్రపంచం కుగ్రామమైపోయిందనే వాక్యంతోనే అందరూ మొదలుపెట్టారు. ఆ వాక్యం నాదే.

ఒక్క అబ్బాయి మాత్రం పాయింట్లు రాయలేదు. ముప్పావు పేజీ ఇంగ్లీషులో రాశాడు. అందులో ఉన్నది తెలుగులో చెబితే సుమారుగా ఇది: మా నాన్న ఖతార్‌లో వెల్డర్. నాన్న పంపిన డబ్బుతో నా స్కూలు ఫీజు కడతారు. రెండేళ్లకోసారి వస్తారు. పోయినసారి తెచ్చిన షూస్ నాకు పట్టలేదు, నాన్న వెళ్లేటప్పుడు నేను చిన్నవాణ్ణి. ఈసారి అమ్మ న్యూస్ పేపరు మీద నా పాదం పెట్టించి పెన్సిల్‌తో గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. ఆ షూస్ వియత్నాంలో తయారయ్యాయి, దోహాలో కొన్నారు, ఆమదాలవలసలో వేసుకుంటాను.

నేను ఎర్ర పెన్నుతో "నాట్ రెలెవెంట్, రైట్ ఇన్ పాయింట్స్" అని రాసి పదికి మూడు మార్కులు వేశాను. స్పెల్లింగ్ తప్పులు ఐదు చుట్టాను. నలభై పేపర్లు దిద్దాలి, రాత్రి పది దాటింది. ఇప్పుడు ఆ మాటలు చెప్పుకున్నా సరిపోవని తెలుసు.

తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌కి ఆ అబ్బాయి వాళ్ల అమ్మ వచ్చారు. ఎప్పుడూ వెనక బెంచీ దగ్గరే నిలబడి, సంతకం పెట్టి వెళ్లిపోయేవారు. ఆ రోజు నా బల్ల దగ్గరికి వచ్చి ఫోన్ నా చేతికిచ్చి, "మేడమ్, ఆళ్ల నాన్న మాట్లాడతారంట" అన్నారు. వీడియో కాల్. నెత్తి మీద హెల్మెట్, మెడలో తువ్వాలు, వెనకాల ఇనుప చట్రాలు. మన దగ్గర పదిన్నర అయితే అక్కడ ఎనిమిది. పనిలో ఐదు నిమిషాలు అడిగి పక్కకొచ్చినట్టున్నారు.

"నమస్తే మేడమ్. మావోడి పేపరు ఫోటో పంపింది. ఆడు రాసిందాన్లో తప్పేటో సెప్పండి. రాత్రికి నాను ఆడికి సెప్తాను."

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా తప్పేమిటో తెలుసుకుందామనే అడిగారు. నాకు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ సమాధానం దొరకలేదు. "తప్పు లేదండి, నేను మళ్లీ చూస్తాను" అన్నాను. "సూడండి మేడమ్. నాను పది తప్పిపోనాను. ఆడు అలగవ్వకూడదు" అని పెట్టేశారు.

ఆ చివరి మాట గురించి కొంచెం చెప్పాలి. పది పాసవని వారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ వర్గంలోకి వస్తుంది. గల్ఫ్ దేశాలతో సహా పద్దెనిమిది దేశాలకు పనికి వెళ్లాలంటే వారు ముందు ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. పది పాసైతే ఆ మెలిక ఉండదు. మనం ఇక్కడ మార్కుల గురించి తగువులాడే పదో తరగతి సర్టిఫికెట్ ఆయన పాస్‌పోర్టు వర్గాన్నే మార్చి ఉండేది. క్లియరెన్స్ తప్పించుకుందామని విజిటింగ్ వీసా మీద పంపే ఏజెంట్లు మన జిల్లాలో ఎందరిని ముంచారో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరైనా బయలుదేరుతుంటే, డబ్బు కట్టేముందు ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో పిల్లల చేత చూపించుకోండి. తొమ్మిదో తరగతి పిల్లలకు అది రెండు నిమిషాల పని.

నా సంగతి కూడా దాచడం భావ్యం కాదు. మా నాన్న మస్కట్‌లో పదకొండేళ్లు ఫిట్టర్‌గా పనిచేశారు. శుక్రవారం సాయంత్రాలు ఎస్టీడీ బూత్ బయట అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడేదాన్ని. ఫోన్ మోగాక ఏం మాట్లాడాలో తోచేది కాదు. బాగున్నాను, బాగా చదువుతున్నాను, అంతే. నా బీఈడీ ఫీజు ఆ డబ్బే. ఆ బీఈడీలో రాసిన ప్రతి లెసన్ ప్లాన్‌లోనూ విద్యార్థి పూర్వజ్ఞానం అని మొదట్లోనే ఒక గడి ఉంటుంది. ఆ గడి శ్రద్ధగా నింపి మంచి మార్కులు తెచ్చుకున్నాను. తీరా క్లాసులోకి వచ్చాక, అదే పూర్వజ్ఞానాన్ని పేపరు మీద పెట్టిన పిల్లవాడికి మూడు మార్కులు వేశాను.

మరుసటి వారం బోర్డు మీద గీత గీయలేదు. "మీ ఇంట్లోంచి ఎవరు ఎక్కడికి వెళ్లారు, మీ ఇంట్లోకి ఏం ఎక్కడినుంచి వచ్చింది, అడిగి రండి" అన్నాను. నేననుకున్నదానికంటే ఎక్కువే తెచ్చారు.

ఒకమ్మాయి వాళ్ల నానమ్మ రంగంలో పుట్టారట. రంగం అంటే రంగూన్. మన కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి ఒకప్పుడు జనం ఓడలెక్కి కూలికి వెళ్లిన ఊరు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక చాలామంది కాలినడకన తిరిగొచ్చారు. మిగిలినవాళ్లలో ఎందరో 1962లో సైన్యం అధికారం తీసుకున్నాక, 1964 నుంచి ఓడల్లో వచ్చేశారు. "సిన్నదాన్ని. ఓడెక్కి ఇశాపట్నం వచ్చేం. అక్కడి బొమ్మ ఒకటి ఉండిపోనాది" అన్నారట ఆవిడ. మన దేశం ఇప్పటికీ ఆ బర్మా నుంచే మినుములు దిగుమతి చేసుకుంటోందని నేను చెబితే, "మా ఇడ్లీలో నానమ్మ ఊరు ఉందా మిస్?" అని ఆ పిల్ల అడిగింది. ఉండొచ్చు అన్నాను.

ఇంకొకడి మేనత్త పలాసలో జీడి పిక్కలు కొడతారు. ఆ పిక్కల్లో చాలా భాగం ఇప్పుడు మన తోటలవి కావు. ఐవరీ కోస్ట్, బెనిన్ లాంటి ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వస్తాయి. అసలు జీడిచెట్టే మనది కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చారు. పిక్కలు రాకపోతే మేనత్తకు పని లేదు. వచ్చినా, ఎగుమతుల్లో ముందున్న వియత్నాం తక్కువ ధరకు పప్పు అమ్మితే మళ్లీ పని లేదు. "మరి ఇది లాభంలో రాయాలా, నష్టంలోనా?" అన్నాడు. క్లాసంతా వాదించుకుంది. జీడి రసానికి అత్త చేతులు నల్లగా ఉంటాయని, అన్నం ముద్ద కలిపి పెడితే తను తిననని వాడు మధ్యలో మెల్లగా అన్నాడు. వాదన కాసేపు ఆగింది.

పొందూరు ఖద్దరు గురించి ఇద్దరు రాశారు. రైల్లో రెండో స్టేషనే అయినా, వాలుగ చేప దవడతో దూది ఏకడం ఆ ఇద్దరూ చూడలేదు. తీసుకెళ్లాలి. ఒకడు మన ఊరి చక్కెర ఫ్యాక్టరీ మూతపడటాన్ని కూడా గ్లోబలైజేషన్ ఖాతాలో వేశాడు. మూతపడిన ప్రతిదాన్నీ ఆ ఖాతాలో వేస్తే మనం చేసుకున్నవన్నీ మాఫీ అయిపోతాయి కదా, మీ తాతయ్యని అడుగు అన్నాను. తాతయ్య అరగంట మాట్లాడారట. అందులో ఒక్క విదేశీ పేరూ లేదట.

ఈ వ్యాసాలు రాసేటప్పుడు నాకు ఇంకొకటి కనిపించింది. పిల్లలు ఇంట్లో విన్నది మన మాటలో విన్నారు. దాన్ని ఇంగ్లీషులోకి తేవడానికి నిజంగా కష్టపడ్డారు, డిక్షనరీలు తిరగేశారు. మామూలు వ్యాసాలకు ఎప్పుడూ అలా తిరగేయరు. ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడించమని మీటింగుల్లో మీకు చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు అలా చెప్పడం లేదు. ఇంగ్లీష్ నేర్పడం నా పని, అది క్లాసులో చేస్తాను. మీరు చెప్పాల్సినవి మీ మాటలోనే చెప్పండి.

ఆ అబ్బాయి పేపరు మళ్లీ దిద్దాను. ఎనిమిది వేశాను. రెండు స్పెల్లింగులకు పోయాయి. "నాన్నకు పంపాలి, స్పెల్లింగులు రైట్ చేసి ఇంకోసారి రాయనా మిస్?" అన్నాడు. రాసిచ్చాడు.

ఈ నెల ఆఖరి శనివారం లోపు తొమ్మిదో తరగతి పిల్లలు మీ దగ్గరికి నోట్‌బుక్ పట్టుకుని వస్తారు. ఇంట్లోంచి దూరం వెళ్లినవాళ్ల గురించి అడుగుతారు. పావుగంట కూర్చోండి. వేరే దేశంలో ఉన్న నాన్నలైతే ఫోన్‌లోనే చెప్పొచ్చు. శుక్రవారమైతే మీకూ వీలు.